అప్పలకొండ వేసిన కొసరు పాట

నేను ఒక తొంభై నిమిషాల క్యాసెట్‌ని. ముందే చెబుతున్నాను, నన్ను చూసి అయ్యో పాపం అనకండి. నాతోపాటు పుట్టినవాళ్ళలో చాలామంది అటకల మీద బూజు పట్టారు. కొందరి టేపు లాగి, పిట్టలు వాలకుండా చేలకు అడ్డంగా కట్టారు. నేను మాత్రం ఈ వయసులో కూడా పాడుతున్నాను, అదీ విశాఖపట్నంలో కూర్చుని మాంచెస్టర్ పాటలు. ఇంతకంటే ఏం కావాలి?

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక ఫ్యాక్టరీలో గోధుమరంగు టేపును రెండు చక్రాలకు చుట్టి, టేపును నొక్కిపెట్టే పెసరబద్దంత మెత్త ఒకటి అతికించి, అయిదు స్క్రూలు బిగించి బయటికి పంపారు. లోపల ఏమీ లేదని నా పైకాగితం మీదే అచ్చువేశారు. మనుషులు కూడా ఖాళీగానే పుడతారు గానీ, ఇంత నిజాయితీగా ఎవరూ రాసిపెట్టరు.

నన్ను కొన్నది డాబాగార్డెన్స్‌లో రికార్డింగ్ సెంటరు నడిపే అప్పలకొండ. అది 1991. అప్పట్లో ఎవరికి కావలసిన పాటలు వాళ్ళు కాగితం మీద రాసుకుని వస్తే, ఇలాంటి కొట్లవాళ్ళు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు. అప్పలకొండకు ఒక అలవాటు ఉంది. కూరగాయలు కొన్నాక కొత్తిమీర కొసరు వేసినట్టు, ప్రతి క్యాసెట్ చివరా తన ఇష్టం మీద ఒక పాట కొసరు వేసేవాడు. టేపు చివర కాస్త ఖాళీ కనబడితే అతనికి నిద్రపట్టేది కాదు. అయ్యప్ప పాటల వెనక క్లబ్బు పాట పడి ఒకసారి పెద్ద గొడవే అయింది, అయినా మానలేదు.

ఒక మధ్యాహ్నం త్రినాథ్ అనే డిగ్రీ కుర్రవాడు నాలుగు పెద్ద రికార్డులు చంకలో పెట్టుకుని వచ్చాడు. అతని మేనమామ ఓడలో ఎలక్ట్రీషియను. లివర్‌పూల్ రేవులో ఓడ ఆగినప్పుడల్లా పాత రికార్డులు, సంగీతం పత్రికలు కొని మేనల్లుడికి తెచ్చేవాడు. పేపర్ ట్రామ్స్, వెల్వెట్ కెటిల్, మండే ఫెర్రీ. ఇవీ ఆ బ్యాండ్ల పేర్లు. మాంచెస్టర్ చుట్టూ మూతపడ్డ మిల్లులున్న ఊళ్ళలో, ఎడతెగని వానలో, పనిలేని కుర్రాళ్ళు పెట్టుకున్న బ్యాండ్లు. పైన గిటార్లు కాస్త దిగులుగా మోగుతుంటాయి, కింద దరువు మాత్రం కాలు నిలవనివ్వదు. నాలుగో రికార్డు ఎవరిదో తెలియదు. ఓడలో తడిసి దాని మధ్య కాగితం చెరిగిపోయింది. ఇంట్లో రికార్డు ప్లేయరు లేదు కాబట్టి త్రినాథ్ దాన్ని ఎప్పుడూ వినలేదు, పొరపాటున తెచ్చాడు.

త్రినాథ్ రాసిచ్చిన జాబితాలో పందొమ్మిది పాటలు ఉన్నాయి. అన్నీ ఎక్కించాక నా చివర మూడున్నర నిమిషాలు మిగిలింది. అప్పలకొండ ఆ పేరులేని రికార్డు తీసి, కాసేపు విని, గడియారం చూసి, ఏదో మీట ఎత్తి, ఇరవయ్యో పాటగా దాన్ని నాలోకి ఎక్కించేశాడు. పాట అయిపోవడం, నా టేపు అయిపోవడం ఒక్కసారే జరిగాయి. అతను తృప్తిగా టీ తాగాడు.

ఆ పాటే నా జీవితాన్ని మార్చింది. మొదట డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి, గబగబా, తరుముకొస్తున్నట్టు. తర్వాత ఒక అమ్మాయి గొంతు, సన్నగా, హుషారుగా. ఏం పాడుతోందో ఒక్క ముక్క అర్థంకాదు. అర్థంకాకపోవడమే దాని అందమని త్రినాథ్ అనేవాడు.

త్రినాథ్ తన కాలేజీలో పెట్టిన బ్యాండ్‌లో ముగ్గురు. గిటారు అతనిది. బేస్ గిటారు, పాట జాలరిపేట నూకరాజువి. డ్రమ్స్ ఎస్తేరు రాణివి. చర్చిలో ఆదివారం ఆరాధనకు డ్రమ్స్ వాయించే పిల్ల, మిగతా ఆరు రోజులూ బల్లలమీద, కంచాలమీద, బస్సు సీటుమీద వాయించేది. ఓడరేవులో ఓడలు ఆగే చోటు పేరు మీద బ్యాండ్‌కు బెర్త్ నంబర్ ఫోర్ అని పెట్టుకున్నారు. పత్రికలో ఫొటో చూపించి మాంచెస్టర్ కుర్రాళ్ళలా వదులు ప్యాంట్లు కుట్టమంటే, దర్జీ కొలతలో ఏదో తేడా వచ్చిందనుకుని వీళ్ళ మేలుకోరి బిగువుగా కుట్టాడు. వాటితోనే స్టేజీ ఎక్కారు. వైశాఖం ఎండల్లో జాకెట్లకు గొంతుదాకా జిప్పులేసుకుని, అక్కడెక్కడో కురిసే వానకు ఇక్కడ దిగులుపడేవారు. నాకు నవ్వొచ్చేది, ముద్దుగానూ ఉండేది.

రాణి మొదటిరోజే చెంపపిన్నుతో నా నెత్తిమీది రెండు పళ్ళూ విరగ్గొట్టింది. అవి విరిగితే నామీద మళ్ళీ ఎవరూ రికార్డు చేయలేరు. పళ్ళూడితే ప్రాణం గట్టిపడడం మా జాతిలోనే ఉంది. నా పెట్టెలో అట్టమీద పందొమ్మిది పాటల పేర్లు గుండ్రంగా రాసింది. ఇరవయ్యో గీత ఎదురుగా మాత్రం ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

రెండేళ్ళపాటు కాలేజీలో ఏ సభ అయినా చివరి పాట అదే. రాణి మొదటి దెబ్బ వేయగానే, లెక్కల మాస్టారితో సహా అందరూ లేచేవారు. ఆ తర్వాత మామూలే, చదువులు అయిపోయాయి. త్రినాథ్ పోర్టు ఆఫీసులో చేరాడు. నూకరాజు పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. రాణి నర్సయింది. కొన్నాళ్ళకు చర్చివాళ్ళు కొత్త కీబోర్డు కొన్నారు. దానిమీద ఒక బటన్ నొక్కితే దరువు అదే పడుతుంది. డ్రమ్స్‌ను గుడ్డ కప్పి మూలకు జరిపారు. రాణి బీరువాలో కుట్టు దారాల డబ్బాలో నా పక్కనే తన కర్రలు రెండూ పెట్టింది. ముప్పై ఏళ్ళు మేం ముగ్గురం అక్కడే ఉన్నాం.

మొన్న ఆ కాలేజీ పాత విద్యార్థులు కలుసుకుంటున్నారని కబురొచ్చింది. మీ బ్యాండ్‌కు పదిహేను నిమిషాలు ఇస్తామన్నారు. రాణి ఆ సాయంత్రమే డబ్బా తెరిచింది. పందొమ్మిది పాటలూ త్రినాథ్ ఫోన్‌లో దొరికాయి. ఇరవయ్యోది మాత్రం ఎక్కడా లేదు, ఆ పేరులేని రికార్డు ఎప్పుడో పోయింది. ఆమెకు కావలసింది అదొక్కటే. దాని మధ్యలో వచ్చే దరువు ముగ్గురికీ గుర్తులేదు. అది నాలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

కానీ నన్ను పెట్టిన పాత టేప్‌రికార్డరు రెండు నిమిషాలు పాడించి నా టేపును నమిలేసింది. నా మెత్త ఊడిపోయింది. రాణి ముఖం చూడలేకపోయాను. ముగ్గురూ నన్ను రుమాలులో చుట్టుకుని డాబాగార్డెన్స్ వెళ్ళారు. అప్పలకొండ కొట్టు ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతోంది. దాన్ని అల్లుడికి అప్పగించి, ఎనభై దాటిన అతను వెనక గదిలో ఉంటున్నాడు.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. అయిదు స్క్రూలూ విప్పి, నలిగిన టేపు గోటితో సాపుచేసి, ఎవరిదో దిక్కులేని క్యాసెట్ నుంచి మెత్త తీసి నాకు అతికించాడు. అంతా అయ్యేసరికి గంట పట్టింది. తర్వాత తన ప్లేయర్‌లో పెట్టాడు. డ్రమ్స్ మోగాయి, ఆ అమ్మాయి పాడింది. రాణి కళ్ళు తుడుచుకుంది.

“ఇదా?” అన్నాడు అప్పలకొండ. “ఇది నేను తొందరపెట్టిన పాట గదా.”

“తొందరపెట్టడమేటి బాబాయ్?” అంది రాణి.

“మూడున్నర నిమిసాలే కాళీ ఉండీది. పాట సూత్తే నాలుగు నిమిసాల నలభై సెకన్లు. సగంలో కోసీలేను గదా. రికార్డు పెట్టిలో మీట ఎత్తీసి ఏగం పెంచీసాను. సరీగ్గా సరిపోనాది.”

రాణి అడిగింది. “మరి మాకు చెప్పలేదేం?”

“మీరడగలేదు గదమ్మా. మర్నాడొచ్చి ఇదే బాగుందని గెంతులేసారు. బాగుందన్నదాన్ని బాగోలేదని నేనెందుకు సెబుతాను?”

త్రినాథ్ ఆ పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి అసలు వేగానికి తగ్గించాడు. ముగ్గురూ కూర్చుని విన్నారు. హుషారైన అమ్మాయి పోయి, గంభీరమైన మగగొంతు వచ్చింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయిందట, ఆమె కూడా వెళ్ళిపోయిందట, అతను వానలో ఒక్కడే నడుస్తున్నాడట. తాము రెండేళ్ళు కాలేజీ మొత్తాన్ని ఆడించింది ఆ పాటకు.

అందరికంటే దెబ్బతిన్నది నూకరాజు. “ముప్పయ్యేళ్ళ నుంచీ ఆ పిల్ల ఎలగుంటాదో అనుకుంటన్నాను రాణీ,” అన్నాడు. “ఈడికి గెడ్డం కూడా ఉండుంటాది.”

రాణి పడీ పడీ నవ్వింది. త్రినాథ్ నవ్వలేదు. “తెలియనప్పుడు వాయించాం, సరే. తెలిశాక కూడా తప్పు వాయిస్తే ఎలా? అతను పాపం అంత బాధపడి పాడుకున్నాడు. మెల్లగానే వాయిద్దాం,” అన్నాడు.

“ఆ నడక నేను వార్డులో రోజూ నడుస్తున్నాను త్రినాథూ,” అంది రాణి. “మళ్ళీ కర్రలు పట్టుకుంటున్నది అందుకు కాదు. అతని పాట అతనిది. నాకు మన పాట కావాలి.”

సభరోజు దాకా ఆ తగువు తెగలేదు. రిహార్సల్‌లో ఒకరోజు మెల్లగా, ఒకరోజు గబగబా. నూకరాజు ఇద్దరి మధ్యా నలిగిపోయి, ఎవరు ఎలా అంటే అలా పాడాడు. చివరికి త్రినాథ్ మాటే నెగ్గేట్టుంది. ఎందుకంటే అతను చెప్పేది న్యాయం. న్యాయం ముందు రాణి దగ్గర ఉన్నది ఒక ఇష్టం మాత్రమే. స్టేజీ ఎక్కేముందు, సరే మెల్లగానే కానిద్దాం అని ఆమె తల వంచుకుని ఒప్పుకుంది. నేను అప్పుడు అప్పలకొండ చొక్కా జేబులో, మొదటి వరసలో ఉన్నాను. వీళ్ళే అతన్ని పిలిచారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కానీ ముఖ్య అతిథిగా వచ్చిన పాత విద్యార్థి ఒకరు మైకు పట్టుకుని వదల్లేదు. హాస్టల్ పప్పుచారు దగ్గర మొదలుపెట్టి దేశ భవిష్యత్తు దాకా వెళ్ళారు. ఆయన దిగేసరికి హాలువాళ్ళు ఇచ్చిన గడువు ముగియవస్తోంది. నిర్వాహకుడు చేతిగడియారం చూసుకుంటూ స్టేజీ దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు.

“ఏమీ అనుకోకండి మేడమ్. మూడున్నర నిమిషాలే ఉంది. తర్వాత కరెంటు తీసేస్తారు. ఒక్క పాటే.”

త్రినాథ్ రాణి వైపు చూశాడు, తర్వాత మొదటి వరసలో అప్పలకొండ వైపు చూశాడు. నాలుగు నిమిషాల నలభై సెకన్ల పాట మూడున్నర నిమిషాల్లో పట్టించడం ఎలాగో ఆ హాల్లో నలుగురికే తెలుసు. అయిదోదాన్ని నేను.

“సగంలో కోసెయ్యలేం కదా,” అన్నాడు త్రినాథ్. అతనికి నవ్వు ఆగలేదు. “మీట ఎత్తు రాణీ.”

ఆమె మొదటి దెబ్బ వేసింది. యాభై మూడేళ్ళ మనుషులు, మోకాళ్ళనొప్పులవాళ్ళు, షుగరువాళ్ళు, ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేచారు. నూకరాజు తన బొంగురు గొంతుతో ఆ లేని అమ్మాయి పాట పాడాడు. ముఖ్య అతిథి కోటు విప్పేసి గెంతారు. మధ్యలో ఆ మరిచిపోయిన దరువు దగ్గర రాణి కళ్ళు మూసుకుంది, చేతులు వాటంతటవే వెళ్ళాయి. అప్పలకొండ జేబుమీద నుంచి నా పెట్టెను తడుతూ తాళం వేశాడు. పాట అయిపోయింది, కరెంటు పోయింది. రెండూ ఒక్కసారే జరిగాయి.

ఇప్పుడు నేను మళ్ళీ రాణి ఇంట్లోనే ఉన్నాను. కర్రలు మాత్రం డబ్బాలో లేవు, అవి ఆదివారాలు చర్చికి వెళ్తున్నాయి. కీబోర్డు బటన్ కంటే ఈవిడే నయమని పాస్టరు గారు ఒప్పుకున్నారట. సభ నుంచి వచ్చిన మర్నాడు రాణి నా అట్ట తీసి, ఇరవయ్యో గీత ఎదురుగా ఉన్న ప్రశ్నార్థకాన్ని కొట్టేసింది. దాని పక్కన ఇలా రాసింది: పాడినవారు తెలియదు, వేగం అప్పలకొండ.