శుగల్ మాఫీ

జెరూషాకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: పని పోయి ఉత్త చేతులతో ఇంటికెళ్ళడం. రాజోలులో అమ్మమ్మ ఒళ్ళో ఉన్న ఆమె కొడుకు ఏబెల్ గుండెకి చిల్లుందన్నారు డాక్టర్లు. వాడి ఊపిరి ఈమె చీపురుకట్టలో ఉంది.

అందుకే ఆ పొద్దున, అరబ్బు దేశంలో మదీనత్ ఖలీఫాలోని ఆడపిల్లల సర్కారు హైస్కూల్లో, తుడిచిన హాలునే మళ్ళీ తుడుస్తోంది. మోకాళ్ళ మీద కూచుని మూలల్లో ఇసుకని గోటితో గీకి తీస్తోంది. సబ్బునీళ్ళకి నాని వేళ్ళ సందులు తెల్లగా ఒరుసుకుపోయాయి. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, ఎవరూ వంక పెట్టకూడదని ఆరాటం.

ఆ రోజు హాల్లో పిల్లల ప్రదర్శన. బల్లల మీద పాతకాలపు వలలు, అట్టతో చేసిన ముత్యాల వేట పడవలు. వాటి మధ్య మసిబారిన ఇత్తడి కాఫీ కూజా. తోమడం మర్చిపోయారు కాబోలు అనుకుంది. పెద్దవాళ్ళు వచ్చి చూస్తే మాట పడేది ఊడ్చేవాళ్ళేగా! నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి, చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు తోమింది. కూజా బంగారంలా తేలింది.

దాన్ని తెచ్చిన పిల్ల చూసి ఘొల్లుమంది. ఆ మసి వాళ్ళ నాయనమ్మ పొయ్యిదట. నలుగురికీ చూపించాలని తెచ్చిందే ఆ మసి.

హెడ్మిస్ట్రెస్ అరవలేదు. కూజాని అటూ ఇటూ తిప్పి చూసి, "శుగల్ మాఫీ" అని వెళ్ళిపోయింది.

శుగల్ అంటే పని. అది మొదటి రోజే నేర్చుకుంది. మాఫీ ఒకరు నేర్పాలా? ఊళ్ళో శిస్తు మాఫీ వినలేదూ!

మెట్ల కింద గదిలో లూర్దమ్మ అన్నం గిన్నె విప్పుతోంది. ఏళ్ళ తరబడి ఇక్కడే ఊడుస్తున్న గుడివాడ మనిషి.

"అక్కా, నాకు మాఫీ చేసేశారండి! ఎంత మంచి తల్లో!"

లూర్దమ్మ గిన్నె మూత పక్కన పెట్టింది. "ఏమందే ఆవిడ? ఉన్నమాట చెప్పు."

"శుగల్ మాఫీ అన్నారండి."

లూర్దమ్మ ఆమెని పక్కన కూచోబెట్టుకుంది. "ముందు అన్నం తినవే, పిచ్చిమొహమా," అని తన చేపముక్క తీసి జెరూషా గిన్నెలో వేసింది.

"మరి మీకో?"

"ముల్లు గుచ్చుకుంటోందిలే నాకు."

జెరూషా ఇక్కడికొచ్చాక మొదటిసారి కడుపు నిండా తింది. రేపు తను ఆవకాయ తెస్తానంది.

బడి వదిలాక గేటు దగ్గరికి, వాళ్ళని పనిలో పెట్టిన కంపెనీ వ్యాను వచ్చింది. ఇద్దరూ వెళ్ళి తలుపు తీస్తే సీటు మీద ఆమె పెట్టె, తాడు బిగించి ఉంది. డ్రైవర్ జహాంగీర్ మొహం తిప్పుకుని, "ఎయిర్‌పోర్ట్, బెహన్," అన్నాడు.

"అక్కా... మాఫీ అన్నారుగా?"

"ఇక్కడ మాఫీ అంటే లేదని తల్లీ," అంది లూర్దమ్మ. "నీకిక పని లేదన్నారే."

జెరూషా ఏడవలేదు. వ్యానెక్కి, పెట్టెని పక్కకి జరిపి, దానికీ తనకీ మధ్య ఇంకో మనిషికి చోటు వదిలినట్టు కూచుంది. వ్యాను మలుపు తిరిగింది.

రాజోలు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, కాలవగట్టున జెరూషా ఇల్లెక్కడని అడిగి, ఆ పిల్లాడెలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి బాబూ. రేపటికని ఆమె ఉతికి మెట్ల కింద గది కిటికీ ఊచలకి ఆరేసిన ఏప్రన్ ఇక్కడ ఇంకా నీళ్ళోడుతూనే ఉంది.