అచ్చమ్మ పేనిన తాడు

“నీ చేతులు ఖాళీగనే ఉన్నయ్ గద, ఇది గూడ జర సూడు” అంటూ అత్త వెంకటనర్సమ్మ జనుము నార కట్టను అచ్చమ్మ ఒళ్లో పడేసింది. అప్పటికి అచ్చమ్మ ఒక చేత్తో చంటిబిడ్డను రొమ్ముకు పట్టుకుని, ఇంకో చేత్తో పొయ్యిలోకి పిడకలు తోస్తోంది. అవి ఖాళీ చేతులట.

ఆ నార ఆమె మొగుడు సైదయ్యకు దవాఖానలో ఇచ్చింది. రజాకార్లు నడిగూడెం మీద పడ్డనాడు తుపాకీ మడమతో అతని కుడి మణికట్టు చితక్కొట్టారు. పోలీస్ యాక్షన్ అయింది, రజాకార్లు ఖతమయ్యారు, ఎముక కూడా అతికింది. వేళ్లు మాత్రం ముడుచుకోవు. నాగలి మేడి పట్టలేడు. అన్నం అచ్చమ్మే కలిపి పెట్టాలి.

సూర్యాపేట దవాఖానలో నర్సు బాలమ్మ అని ఉంది. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. బిగుసుకున్న చేతులతో పని చేయించే వాటిని దారికి తేవాలంటుంది. సైదయ్యలాంటి వాళ్లందరికీ నార పంచి, “ఇంటికాడ తాడు పేనుండ్రి, వారం వారం తెచ్చి సూపియ్యుండ్రి” అంది. వచ్చినప్పుడల్లా వేళ్ల కొసకూ అరచేతికీ మధ్య ఎడం దారంతో కొలిచేది. ఈ పద్ధతి పనికొస్తుందని పెద్ద డాక్టరు ముందు రుజువు చేయాలని ఆమె పట్టుదల.

సైదయ్య ఇంటికొచ్చి చెప్పింది ఒకటే ముక్క. “దవాఖానోళ్లకు తాడు గావాల్నట.”

“దెబ్బ తిన్నోనికి పని జెప్తరా? పెండ్లం సచ్చిందా?” అంది అత్త.

“నువ్వు పేన్తెనే సన్నగొస్తది” అన్నాడు సైదయ్య, అరుగు మీద నడుం వాలుస్తూ. ఆ మెచ్చుకోలుకు అచ్చమ్మ మురిసిపోయింది కూడా. నాట్లేసి వచ్చి, వండి, గిన్నెలు తోమి, తొడ మీద నార రుద్ది రుద్ది పేనింది. తొడ చర్మం లేచిపోయింది, నీళ్లు తగిలితే మంట. చీర కింది పుండు ఎవరికి కనబడుతుంది? అడిగేదెవరు?

ఆ శుక్రవారం అత్తా, మొగుడూ, అచ్చమ్మా బండి కట్టుకుని దవాఖానకు పోయారు. పెద్ద డాక్టరే వచ్చి కూర్చున్నాడు. అందరి తాళ్లలోకీ సైదయ్య తాడే పొడుగు, నున్నన. డాక్టరు అతని చేయి పట్టి వంచబోయాడు. కట్టెలా ఉంది.

“తాడు అందరికన్నా ఎక్కువ పేనింది ఇతనే. చెయ్యి అందరికన్నా అధ్వాన్నంగా ఉన్నదీ ఇతనిదే. ఈ పద్ధతి దండగ, సిస్టర్. రేపట్నించి ఎవరికీ ఇవ్వకండి.”

“మరి ఇదే నార పేనిన యాకోబు ఇప్పుడు బొక్కెన పట్టుకుంటుండు గద సారూ” అంది బాలమ్మ, బెంచీ మీది మనిషిని చూపిస్తూ.

“అది దానంతటదే బాగయ్యేదే. ఇతని వేళ్లు ఇంకొన్నాళ్లిలాగే ఉంటే జన్మలో వంగవు.”

అచ్చమ్మ మొగుడి చేతి వంక చూసింది. తాడు కోసం కాదా ఈ తాడు? వేళ్ల కోసమా? అయితే తాను పేనిన ప్రతి మూరా మొగుడి చేతికి అందకుండా పోయిన మందేనా? సేవ అనుకుని, పుణ్యమనుకుని, ఒళ్లు పుండు చేసుకుని, తన చేతులతోనే అతని చేయి చంపిందా? తనొక్కతేనా చంపింది? అత్త వెనక నుంచి కొంగు లాగింది. సైదయ్య కళ్లెర్రజేశాడు. చెబితే మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే అతని చేయీ పోతుంది, బెంచీ మీద వరుసగా కూర్చున్న వాళ్ల చేతులూ పోతాయి.

“ఆ తాడు నేను పేనిన” అంది అచ్చమ్మ.

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. బాలమ్మ అచ్చమ్మ దగ్గరికి వచ్చింది.

“మొదట్నించా?”

“మొదట్నించే.”

“అయ్యో పిల్లా, ఆయనకిచ్చిన మందు నువ్వెట్ల మింగినవే?”

“మందంటే ఆయనే మింగేటోడు సిస్టరమ్మా” అంది అచ్చమ్మ. “పనన్నరు. మా ఇంట్ల పనన్నంక, అది ఎవలదని అడుగుడుండదు.”