చిల్లా గదిలో హాలీవుడ్ సార్

మా అబ్బా అబ్దుల్ ఖుద్దూస్ కువైట్‌లోని సాల్మియాలో ఒక సినిమా కంపెనీ కారు నడిపేవాడు. పెద్ద సినిమాలేం కావు. ఆయిల్ బావుల దగ్గర పనివాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలో చూపించే చిన్న సినిమాలు. వాటిని రాసి తీయడానికి అమెరికా నుంచి వచ్చినవాడు హార్లన్ సార్. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక అమెరికావాళ్ళను పట్టుకుపోవడం మొదలైంది. అబ్బా ఆయనను కారు వెనక సీటు కింద పడుకోబెట్టి మా ఫ్లాటుకు తెచ్చాడు. దాచినవాళ్ళను ఉరి తీస్తామని రేడియోలో చెప్పాక కూడా బయటికి పంపలేదు.

అప్పుడు అమ్మీ చిల్లాలో ఉంది. కాన్పయ్యాక నలభై రోజులు తల్లీబిడ్డల గదికి పరదా కట్టి ఉంటుంది. అబ్బా కూడా పరదా ఇవతల నుంచే మాట్లాడాలి. లోపలికి అన్నం, సాంబ్రాణి తీసుకెళ్ళేది నేను. ఊళ్ళో పదో తరగతి పరీక్షలయ్యాక ఆ పనికే నన్ను రాయచోటి నుంచి పిలిపించారు.

హార్లన్ సార్ వంటింట్లో ఉండేవాడు. ఆయన గుడ్ మార్నింగ్ అంటే నేను తల వంచుకుని టీ గ్లాసు పెట్టి వచ్చేసేదాన్ని. సాయంత్రాలు ఆయన తన సంగతులు చెప్తుంటే అబ్బా తెలుగు చేసేవాడు. నేను తలుపు చాటున వినేదాన్ని.

హాలీవుడ్‌లో ఆయన మొదటి ఉద్యోగం ఎవరెవరో పంపిన కథలు చదివి బాగుందో లేదో చెప్పడం. బాగాలేదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి తనే రాయడం మొదలుపెట్టాడు. గుర్రాల సినిమాలకు మాటలు రాస్తే తెర మీద గుర్రం పేరు వేశారు కానీ ఆయన పేరు వేయలేదు. తన కథ ఎవరూ మార్చకూడదని చివరికి తనే నిర్మాత అయ్యాడు. ఆ సినిమా ఆడలేదు. ఇల్లు పోయింది. ఇక్కడ పని ఉందంటే వచ్చాడు.

"సార్ గూడా మన మాదిరే. ఆడ బతకలేక ఈడికొచ్చినాడు," అన్నాడు అబ్బా. ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాడు. సార్ నవ్వి, అవునని తలూపాడు.

ఒక మధ్యాహ్నం కింద మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఒక్కో ఫ్లాటూ వెతుకుతున్నారు. వంటింట్లో మనిషి దాక్కునే చోటు లేదు. అబ్బా గది మధ్యలో నిలబడిపోయాడు.

"ఆయప్పను ఈడికి పంపండి," పరదా వెనక నుంచి అమ్మీ అంది.

"నీ గదిలోకా? నేనే అడుగు పెట్టలేదు గదా బషీరా."

"కోప్పడేది తర్వాత పెట్టుకోండి. ముందు పంపండి."

సార్ లోపలికి పోయి, మంచం అవతల గోడకు మొహం తిప్పి పడుకున్నాడు. అమ్మీ ఆయన మీద పరుపు వేసింది.

సిపాయిలు వచ్చి వంటిల్లు చూశారు, బీరువా చూశారు. ఒకడు పరదా మీద చెయ్యి వేశాడు. అబ్బా ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. నాకు అరబ్బీ రాదు. కానీ తను ఇన్నాళ్ళూ నమాజు ఎందుకు చేయడం లేదో చెప్పేటప్పుడు అమ్మీ నాకు ఒక మాట చెప్పింది. అది అరబ్బీ మాటే. కాన్పు తర్వాతి మైలకు ఆడవాళ్ళు చెవుల్లో చెప్పుకునే మాట. అబ్బా ముందు మేమెప్పుడూ అనలేదు. నేను పరదాకు అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"ఉమ్మీ... నిఫాస్," అన్నాను. మా అమ్మ, కాన్పు మైల అని.

సిపాయి నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. లోపల తమ్ముడు ఏడ్చాడు. "మాషా అల్లా," అని సిపాయి, నా వైపు చూడకుండానే, "యల్లా, యల్లా," అంటూ మిగతావాళ్ళను తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

బూట్ల చప్పుడు వీధిలోకి దిగేదాకా ఎవరం కదల్లేదు. తర్వాత అబ్బా నేల మీద కూలబడ్డాడు.

"ఇంగ ఆయప్పను తీసకపోండి. బిడ్డకు పాలియ్యాల," అంది అమ్మీ.

సార్ దూది పట్టిన జుట్టుతో బయటికొచ్చాడు. నన్ను చూపించి అబ్బాను ఏదో అడిగాడు. అబ్బా తల గోక్కున్నాడు. సార్ మళ్ళీ అడిగాడు.

"ఏమంటాండాడు?" అంది అమ్మీ.

"పాప ఏం మాట చెప్తే వాళ్ళు పోయినారో ఆ మాట కావాలంట. రాసుకుంటాడంట."

"చెప్పండి మరి."

"నేనా?" అన్నాడు అబ్బా. "నువ్వే చెప్పుకో."

పరదా వెనక అమ్మీ నవ్వింది. నొప్పి పుడుతోందంటూనే నవ్వింది. సార్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా మాతో పాటు నవ్వాడు. నేను అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళాను.