ఒప్పుకోక తప్పదట!

నేను ఒక క్రియను. పేరు ‘ఒప్పుకొను’. తప్పుకు ఎదురుగా నిలిచే ‘ఒప్పు’కు ‘కొను’ తోడై పుట్టాను. మనసారా పలకవలసిన మాటను. మనుషులు మాత్రం నన్ను ముక్కు మూసుకొని కషాయంలా మింగుతారు. దేవుడి ముందు నాకు కొదవ లేదు. ‘నా తప్పులన్నీ ఒప్పుకుంటున్నాను స్వామీ’ అని చెంపలు వేసుకుంటారు. అదే మాట పక్కింటివాడితో అనాలంటే తలుపులు వేసుకుంటారు. అన్నీ తెలిసినవాడికి చెప్పడం ఒప్పుకోవడం ఎలా అవుతుందో నాకిప్పటికీ తెలియదు.

రచయితలు మరీ అన్యాయం. చివరి అధ్యాయం దాకా నన్ను గడప బయట నిలబెట్టి, దుర్మార్గుడు తల దించుకోగానే లోపలికి ఈడుస్తారు. వాళ్లనైనా క్షమిస్తాను గాని, విమర్శకులను క్షమించను. వాళ్లు నాకు ‘తప్పదు’ను తగిలించారు. ‘కథ బాగుందని ఒప్పుకోక తప్పదు’ అంటారు. ఒప్పుకున్నదెవరు? ఆ వాక్యంలో మనిషే ఉండడు!

అలాంటి ఘనుడే అమలాపురం నరహరిరావు. సుందరమణి అనే ఇల్లాలి నవలను ‘భర్త రాసిపెట్టినది’ అని పత్రికలో రాసేశాడు. ఆ నింద తొలగేదాకా రెండో ముద్రణ మీద ఆమె పేరు వేయనన్నాడు ప్రచురణకర్త.

ఆమె నరహరిరావును ఇంటికి పిలిచి, కొబ్బరి వ్యాపారం చేసే భర్త పాపారావును ఎదురుగా కూర్చోబెట్టింది.

“నవల్లో మేనత్త చివరికి ఏమైందండీ?” అన్నాడు విమర్శకుడు.

“ఎవరి మేనత్తండీ?” పాపారావు కంగారుపడ్డాడు. “నేను పన్నెండో పేజీ దాటలేదండి బాబూ, నిద్దరొచ్చేత్తది. మా ఆవిడతో అనకండే!”

“ఇక్కడే ఉన్నానండీ,” అంది సుందరమణి.

నరహరిరావు మొహం మాడ్చుకొని అక్కడే సవరణ రాశాడు: ‘ఈ నవల సుందరమణే రాసిందని ఒప్పుకోక తప్పదు.’

ఆమె చదివి కాగితం వెనక్కి జరిపింది. “తప్పదని ఏడుస్తా ఒప్పుకుంటే ఊళ్లో ఏమనుకుంటారండీ? మొహమాటపెట్టి రాయించుకుందంటారు. నా పుస్తకం నేను రాశాను. దానికి మీ ఒప్పుకోలెందుకు? రాసిందని రాయండి, చాలు.”

“అంత పొడిగానా? నా పరువేం కానమ్మా?”

“అదేదో నన్ననే ముందే చూసుకోవాల్సిందండి.”

ఆయన కలం కొరికాడు. కిటికీలోంచి చూశాడు. చివరికి కాగితం చిరిగేంత కసిగా నన్నూ ‘తప్పదు’నూ కలిపి కొట్టేసి, ఇంకో కాగితం మీద తిరగరాశాడు: ‘ఈ నవల సుందరమణి రాసింది.’ కింద సంతకం పెట్టాడు.

జీవితంలో మొదటిసారి ఆయన నిజంగా ఒప్పుకున్నాడు. అప్పటికి నేను చెత్తబుట్టలో ఉన్నాను.