బావ హెల్మెట్

“ఏం బావా, తల ఇంకా ఉబ్బిందా? హెల్మెట్ పడతాండాదా?” అని పుంగనూరు ఇంటి వాకిట్లో మునిచంద్ర ఎగతాళి చేశాడు.

బావ దేవరాజులుకు మతిమరుపు మొదలైంది. మెదడులోని కాపలా కణాలే రెచ్చిపోయి, వాపు పుట్టించి, మంచి కణాలను తినేస్తున్నాయని మదనపల్లె డాక్టరు చెప్పాడు. ఆ వాపు బయటికి కనబడదనీ అన్నాడు. అయినా బావను బెదరగొట్టాలని మునిచంద్ర పొద్దున్నే హెల్మెట్లో కాగితాలు కుక్కి పెట్టాడు.

దేవరాజులు తలకు హెల్మెట్ సుళువుగా దిగింది. మునిచంద్ర తన హెల్మెట్ పెట్టుకోబోతే అది మాత్రం చెవుల దగ్గరే ఇరుక్కుంది.

అక్క అమరావతి పకపకా నవ్వింది. “నీ దాంట్లోనే కుక్కుకుంటివి కదరా! నిన్న కూడా ఇంతే. నేనే తీసేస్తి.”

“నిన్ననా?” మునిచంద్రకు ఎంతకీ గుర్తు రాలేదు.

దేవరాజులు నవ్వలేదు. “డాక్టరు కాడికే పోతాండా. ఎనక ఎక్కు బామ్మర్దీ, ఇద్దరం సూపిచ్చుకుందాం.”