విన్నవాళ్ల బరువు

అబ్రహాము రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు లైబ్రరీ తలుపు తీసి, ముందు ఇసుక ఊడ్చేవాడు. కోట ఊరికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్లలో ఉన్న ఆ పాలెంలో ఇసుక రాని ఇల్లు లేదు. ఊడ్చి, చాప పరిచి, కడవలో నీళ్లు పోసి, అరుగు మీది నల్లబండ దగ్గర కూర్చునేవాడు. అప్పటికి ఆడవాళ్లు చేటల్లో వేరుశనక్కాయలు పెట్టుకుని వచ్చేవాళ్లు. మొగవాళ్లు చిరిగిన వలలు భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. చేతులు పనిలో పెట్టి, చెవులు అబ్రహాముకు అప్పగించేవాళ్లు.

యాభై రెండేళ్ల వయసులో మిషను రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన మనిషి ఆయన. ఒత్తు కనబడిన చోట ఆగి, దాన్ని గట్టిగా పలికితేగాని ముందుకు పోయేవాడు కాదు. వినేవాళ్లకు అదే బాగుండేది.

పుస్తకాలు బరువెక్కే సంగతి పాలెంలో అందరికీ తెలుసు. ఒక మనిషి ఒకసారి వింటే పుస్తకానికి గుప్పెడు బియ్యమంత బరువు చేరేది. అట్ట ఉబ్బేది కాదు, పేజీలు మామూలుగానే తిరిగేవి. 'పసిబిడ్డల తిండి' అని ఇరవైనాలుగు పేజీల పుస్తకం ఒకటుంది. మొదట్లో అది బల్ల మీదుండేది. రెండో ఏడు బల్ల కాలు విరిగితే ఆరుగురు పట్టి బండ మీదికి మార్చారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదపలేదు.

ఆ పుస్తకం కొత్తగా వచ్చినప్పుడు, ఎండుచేపలు అమ్మే సైదాబీ తన తక్కెడలో పెట్టి తూచింది. "కూసున్నది పదకొండు మందిమి, పెరిగింది పన్నెండు గుప్పిళ్లు. ఎవురే, ఆ పన్నెండో మనిషిని కడుపులో దాచుకోనుండేది?" అని కేక పెట్టింది. మూల కూర్చున్న కొత్తకోడలు చేట మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆనాటి నుంచి ఏడో నెల తిరిగేసరికి ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

వినేవాళ్లు ఇంతమంది ఉన్నా, రిజిస్టరులో నెలకు నాలుగు సంతకాలే ఉండేవి: బడిపంతులు, ఆయన భార్య, పోస్టుమాను, అబ్రహాము.

అరవై ఒకటో సంవత్సరం సంక్రాంతి పోయాక వాల్తేరు నుంచి కరుణాకుమారి అనే అమ్మాయి వచ్చింది. ఆమె లైబ్రరీల గురించి చదువుతోంది. సేద్యం ఖర్చుల మీద, తిండి మీద పెద్దలు చేసే పరిశోధనలు పల్లెటూళ్లలో ఎవరికైనా అందుతున్నాయా లేదా అని చూడటం ఆమె పని. రిజిస్టరు చూసి, అరుగు చూసి, తలలు లెక్కపెట్టుకుంది. ముప్పై ఏడు.

"తాతగారూ, రిజిస్టరులో నలుగురే ఉన్నారేమండీ?"

"సంతకం పెట్టింది నలుగురే తల్లీ."

"మిగతావాళ్ల చేత వేలిముద్రలన్నా వేయించండి. నెలకు ముప్పై మంది లేని లైబ్రరీ శాఖలన్నీ మార్చి నెలాఖరుకు ఎత్తేస్తున్నారు. మీ ఊరి పేరు ఆ జాబితాలో ఉంది."

అరుగు మీద చేతులన్నీ ఆగిపోయాయి.

"వేలిముద్రా?" అన్నాడు బండి తోలే కామాక్షయ్య. "మా నాయన ఒకపాలి వేసినాడమ్మా. అరెకరం పోయింది."

"మా మామ వేసినాడు, పడవ పోయింది," అంది సైదాబీ. "ఇప్పుడు వింటే చెవులు పోతాయేమో, ఎవురికి తెలుసు!"

అందరూ నవ్వారు గాని ఒక్క వేలూ ముందుకు రాలేదు.

"పోనీ నువ్వే రాసెయ్యి అబ్రహామన్నా," అన్నాడు కామాక్షయ్య. "ముప్పై పేర్లు నాలుగు రకాల చేతిరాతతో గిలికితే అయిపాయె."

"యాభై రెండేళ్లకు పలక పట్టుకున్నాను రా. అబద్ధం చెప్పాలంటే పలకెందుకు? నోరుండాది గదా."

"ఈయనకు ఉగ్గులోనే మొండితనం కలిపి పోసినట్టుండారు," అని సైదాబీ తల కొట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నవ్వులాట కాదన్నా. మునగాకు సంగతి ఆ బిడ్డల తిండి పుస్తకం చెప్పబట్టే గదా, నా మనవడు రేచీకటి పోయి దీపాలేళ గోడలు తడుముకోకుండా నడుస్తుండాడు! దాన్ని తీసకపోతే ఎట్ట?"

"నీకది నోటికొచ్చు గదా."

"నాకొచ్చు. రేపు కాపరానికొచ్చే పిల్లకొచ్చా?"

అబ్రహాము పుస్తకం తెరిచాడు. ఆ పూట చదివేటప్పుడు మూడుసార్లు వరస తప్పాడు.

బరువు సంగతి విన్న కరుణాకుమారి పుస్తకాలు తూచడానికి వారం రోజులు ఉండిపోయింది. ఆమె ఫారంలో బరువుకు గడి లేదు. స్కేలు పెట్టి తనే ఒకటి గీసుకుంది. తేలిక పుస్తకాలు సైదాబీ తక్కెడలో, బరువువి బియ్యం మిల్లు కాటా మీద తూచారు. కాటాకు అందనివాటికి, ఒక్కో పుస్తకం చదివిన రోజున అబ్రహాము గోడ మీద బొగ్గుతో రాసిపెట్టిన తేదీలను బట్టి లెక్క కట్టింది. మొత్తం రెండు వందల ముప్పై మూడు పుస్తకాల్లో పంతొమ్మిదే బరువెక్కాయి. అన్నీ సన్నవే. పసిబిడ్డల తిండి, పెరటి ఆకుకూరలు, మొలగొలుకుల వరి సేద్యానికి అయ్యే ఖర్చు, అట్లాంటివి. అద్దాల బీరువాలో బంగారు అక్షరాలతో మెరిసే లావు పుస్తకాలు వచ్చిన రోజు ఎంత తేలికో అంతే తేలికగా ఉన్నాయి.

"ఇదంతా నేను రాస్తాను తాతగారూ," అంది బస్సెక్కేముందు. "కానీ అది పెద్దల కళ్లబడటానికి ఏళ్లు పడుతుంది. మార్చికి అందదు."

మార్చి ముప్పై ఒకటిన పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎండకు వాడిపోయిన మనిషి. కడవలో నీళ్లు రెండు చెంబులు తాగి, "నాకు మీమీద ఏ కోపమూ లేదు పెద్దాయనా. ఆర్డరు," అన్నాడు. బాడుగకు దొరికింది కామాక్షయ్య బండే. వాడు ఎవరి మొహమూ చూడకుండా బండి తెచ్చి నిలబెట్టాడు.

బీరువా ఎక్కింది. రెండు వందల పధ్నాలుగు పుస్తకాలు అరగంటలో ఎక్కాయి. మొలగొలుకుల పుస్తకాన్ని ఎనిమిది మంది గునపాలతో జరిపి, మోకులు కట్టి పైకి లాగారు. అది బండిలో పడగానే ఇరుసు కిర్రుమంది. ఎడ్లు మోకాళ్ల మీద కూలబడ్డాయి. గబగబా దాన్ని దించేశారు. 'పసిబిడ్డల తిండి' జోలికి, మిగతా బరువు పుస్తకాల జోలికి ఎవరూ పోలేదు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని కాగితం చాపాడు. "సరే, అవి ఇక్కడే పడుండనీండి. అన్నీ అప్పగించినట్టు సంతకం పెట్టండి. తలుపుకు తాళం వేసుకుని పోతాను."

అబ్రహాము కాగితం మొత్తం కూడబలుక్కుని చదివాడు. ఎడ్లు లేచి నిలబడేదాకా చదివాడు.

"అన్నీ ఇయ్యలేదు సార్. పంతొమ్మిది ఇక్కడే ఉండాయి."

"పదణాలు చేయని సన్న పుస్తకాలయ్యా అవి!"

"సన్నవే సార్. ఎత్తండి."

సైదాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్‌స్పెక్టరు బండ వైపు ఒకసారి చూశాడు గాని లేవలేదు. "మీకిచ్చే ఆ కాస్త జీతం కూడా పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్. పోయేదేందో ఈ కాగితంలో లేదు. ఇచ్చింది ఎంతో అడిగినారు, అది రాస్తాను."

కలం అడిగి తీసుకుని, 'అన్నీ' అనే మాట కొట్టేశాడు. దాని కింద ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాశాడు: 214 ఇచ్చినాను. 19 ఇయ్యలేదు. సంతకం పెట్టాడు. అంత బాగా ఆయన సంతకం అంతకు ముందెప్పుడూ కుదరలేదు.

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. పుస్తకాలు ఇంకా రావలసి ఉండగా శాఖ ఎత్తేసినట్టు రాయడానికి వీల్లేదు. పుస్తకాలున్న చోట కాపలా మనిషి లేకుండానూ వీల్లేదు. చివరికి తలుపుకు వేద్దామని తెచ్చిన తాళాన్ని మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చేది, మిగిలిన పంతొమ్మిది పుస్తకాలు వెంటనే పంపవలెనని. ప్రతిసారీ అబ్రహాము కార్డు ముక్క మీద జవాబు రాసేవాడు: "అయ్యా, పుస్తకములు సిద్ధముగా ఉన్నవి. పోయినేటి కంటే బరువెక్కినవి. పెద్ద బండి పంపవలెను." బండి వచ్చేది కాదు. మూడు గంటలకు తలుపు తెరుచుకునేది.

అరవై ఏడో సంవత్సరం మార్చిలో ఉత్తరం రాలేదు. దాని బదులు పోస్టుమాను ఒక కట్ట తెచ్చాడు, ఒంటిచేత్తో. లోపల సన్నపాటి కొత్త పుస్తకాలు పన్నెండు. వాటి మీద అచ్చేసిన ఫారం ఒకటి. అందులో 'విన్నవారు' అని ఒక గడి, దాని కింద 'చదివి వినిపించువారి సంతకము మాత్రమే చాలును' అని ఒక వరస. ఫారం అడుగున చిన్న అక్షరాల్లో కరుణాకుమారి పేరుంది.

అబ్రహాము ఆ వరస రెండుసార్లు చదువుకున్నాడు. పై పుస్తకం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎండుటాకు పట్టుకున్నట్టుంది.

"ఏం పుస్తకమన్నా?" అని అడిగింది సైదాబీ.

"ఉండు, ఒత్తుంది," అని ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. పోస్టుమాను ఇంకా మూడు ఊళ్లు తిరగాల్సి ఉంది. అయినా సైకిలు గోడకు ఆనించి కూర్చున్నాడు.