నాలుగంటే అయిదు

నేను ఒక స్టాప్‌వాచీని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పెరిగింది బడిలో. ఆ చదువూ సగంలోనే ఆగింది. ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారి మెడలో రెండేళ్లు వేలాడాను. ఆటల పోటీల రోజున ప్రెసిడెంటు గారబ్బాయి పరుగులో మూడోవాడని చెప్పాను. మాస్టారికి ఆ నిజం మింగుడుపడలేదు. నన్ను సిమెంటు మెట్టుకేసి కొట్టాడు. అబ్బాయికి కప్పు, నాకు దెబ్బ. అప్పట్నుంచి అయిదు నిమిషాలు గడిస్తే నేను నాలుగే చూపిస్తాను. వాళ్లే పాడుచేసి, పనికిరానిదని వాళ్లే పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. మనుషుల తీరే అంత.

విశాఖలో ఆ పాతసామాన్ల కొట్లో నన్ను ఏరుకున్నది బమ్మిడి సువర్చల. జంతువుల నడవడి మీద పరిశోధన చేస్తున్న పిల్ల. గోడ గడియారం పక్కన మూడు రోజులు నన్ను నడిపించి జబ్బు కనిపెట్టింది. పారేయలేదు. చిన్న కాగితం మీద 'నాలుగంటే అయిదు' అని రాసి నా వీపుకి అంటించింది. వీధికుక్క ఎంతసేపు కాపలా కాసింది, కొండముచ్చు తల్లి ఎంతసేపు పిల్లకి పేలు చూసింది, అన్నీ నాతోనే కొలిచేది. నేను చూపిన అంకెను సరిదిద్ది నోటుబుక్కులో రాసేది. ఆ బుక్కుల్లో ఒక్క దొంగ అంకె లేదు. సాక్షిని నేనే.

ఆమె డాక్టరు సువర్చల అయింది. ఎలుగుల వెంట పదకొండేళ్లు తిరిగింది. అప్పుడొక ఉదయం ఉద్దానంలో, జీడితోటలోని ఎండిన బావిలో ఎలుగుపిల్ల పడింది. అటవీ సిబ్బంది వల దించి పైకి తీశారు. తల్లి పొదల్లో ఎక్కడో గుర్రుమంటోంది. తోట బయట కర్రలతో, గొడ్డళ్లతో ఊరంతా నిలబడింది. పిల్లను జీపెక్కించి జూకి పంపేస్తానన్నాడు రేంజరు సుదర్శనం.

"మనం వెనక్కి జరిగితే తల్లి వస్తుంది. ఎవర్నీ ఏమీ చెయ్యదు. పిల్లని తీసుకుని పోతుంది" అంది సువర్చల.

తోట కాపలా తవిటయ్య ముందుకొచ్చాడు. నిరుడు ఎలుగు చీల్చిన చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"ఓలమ్మా, నా మొకం సూసి సెప్పు ఆ మాట! ఏటీ సెయ్యదా?"

"పిల్లని పట్టుకుపోతే తల్లి ఎక్కడ వెతుక్కుంటుంది తవిటయ్యా? నీ తోటలోనే. రేపు జీడిపిక్కలు ఏరడానికి నువ్వే కదా లోపలికి వెళ్లాలి?"

తవిటయ్య భుజం మీది గొడ్డలి కిందికి దించాడు.

"ఇరవై నిమిషాలు మేడమ్. ఆపైన జనం నా మాట వినరు" అన్నాడు రేంజరు. "మీ వాచీయే లెక్క. నాదాన్ని నేనే నమ్మను."

పిల్ల మీద వెదురుగంప బోర్లించి అందరూ వంద అడుగులు వెనక్కి జరిగారు. ఆమె నా మీట నొక్కింది.

అయిదు చూపించాను. ఆకు కదల్లేదు. పది. గంప కింద పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తవిటయ్య గొడ్డలి చెయ్యి మార్చుకున్నాడు. నేను పదహారు చూపించేసరికి ఇరవై నిమిషాలూ అయిపోయాయి. నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

"ఎంతయింది మేడమ్?"

ఆమె బొటనవేలు నా వీపు మీది కాగితాన్ని కప్పేసింది. అన్నేళ్లలో అదే మొదటిసారి.

"పదహారు."

చెమటకి వేలు జారింది. పక్కనున్న తవిటయ్య కళ్లు కాగితం మీద పడ్డాయి. పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివాడు. "ఏటమ్మా ఇది?" అని గొణిగాడు. ఆమె పొదలకేసే చూస్తోంది. అతను నోరు తెరిస్తే పిల్ల జీపులోకి, ఆమె పదకొండేళ్ల మాట బావిలోకి. తవిటయ్య చెంప తడుముకున్నాడు. తోటకేసి చూశాడు.

"ఇంకా నాలుగున్నాయంట బావూ!" అని రేంజరుకి కేకేశాడు.

పంతొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్ల దగ్గర పొద చీలింది. తల్లి రెండు కాళ్ల మీద లేచి గాలి వాసన చూసింది. ఎవడో కర్ర ఎత్తాడు. తవిటయ్య వాడి మణికట్టు పట్టుకుని "కదిలితే సంపేత్తాను" అన్నాడు. తల్లి గంపను ఒక్క తోపు తోసింది. పిల్ల వీపెక్కింది. రెండూ పొదల్లో కలిసిపోయాయి. ఎవరికీ గీత కూడా పడలేదు.

రేంజరు నా ముఖం చూసి రిపోర్టులో పంతొమ్మిది నిమిషాలని రాసుకున్నాడు. ఆమె నోటుబుక్కులో ఇరవై నాలుగు రాసింది. దొంగ అంకె రాయడం ఆ చేతికి రాదు.

చాలా ఏళ్లకి ఆమెను, తను పనిచేసే పరిశోధన సంస్థకు డైరెక్టరును చేద్దామనుకున్నారు. ఆ కుర్చీ మీద కన్నున్న పెద్దమనిషొకడు రేంజరు రిపోర్టునీ ఆమె నోటుబుక్కునీ కమిటీ ముందు పరిచాడు. "ఒక్క ఎలుగుకి రెండు టైములేంటి మేడమ్? మీ ముప్పై ఏళ్ల లెక్కలూ ఇంతేనా?"

ఆమె నన్ను బల్ల మీద బోర్లా పెట్టింది. "లెక్కలన్నీ సరైనవే. రేంజరుకి చెప్పిన టైమే తప్పు. తెలిసే చెప్పాను."

కుర్చీ పెద్దమనిషికి దక్కింది. నిజం చెప్పినవాళ్ల కోసం సిమెంటు మెట్టు ఎక్కడైనా ఉంటుంది.

ఇప్పుడు నేను ఆ సంస్థ మ్యూజియంలో, అద్దాల బీరువాలో ఉన్నాను. కీ ఇచ్చేవాళ్లు లేరు. రిటైరయ్యాక ఆమె ఒకసారి వచ్చింది. బీరువా తీయించి, నన్ను చేతిలోకి తీసుకుని, కాగితం పైకి కనబడేలా తిప్పి పెట్టింది. వెళ్లిపోయింది.

మర్నాడు దుమ్ము తుడవడానికొచ్చిన అటెండరు నన్ను చూసి విసుక్కున్నాడు.

"ఎవరో తిరగేసి పెట్టారు, బుద్ధి లేకుండా" అని, నా ముఖం పైకి తిప్పి తాళం వేశాడు.